కాణీ, అర్ధణా, అణా: బ్రిటిష్ కాలపు చిల్లర నాణేల సేకరణ

మన భాషలో డబ్బును గురించిన మాటలు చాలావరకు చిల్లర నాణేల పేర్లే. అసలు "డబ్బు" అన్న మాటే ఒకప్పుడు ఉత్తర సర్కారుల్లో చెల్లిన ఒక రాగి నాణెం పేరు. "చేతిలో కాసు లేదు" అంటాం. ఆ కాసునే ఇంగ్లీషు దొరలు "క్యాష్" అని పలికి నాణెం మీద కూడా అలాగే వేసుకున్నారు. పనికిరాని మనిషిని "చెల్లని కాణీ" అంటాం. స్వచ్ఛమైన మన వాణ్ణి "పదహారణాల తెలుగువాడు" అంటాం. పదహారు అణాలు ఎందుకయ్యాయో, పద్ధెనిమిది ఎందుకు కాలేదో మన తరగతి గదిలో అడిగి చూడండి. పదిమందిలో ముగ్గురు చెబితే గొప్ప. మాటలు మిగిలాయి, వాటి వెనుక ఉన్న రాగి బిళ్లలు మాత్రం ఇత్తడి సామాన్లతో పాటు తూకానికి పోయి కొలిమిలో కరిగిపోతున్నాయి. అందుచేత ఈ వ్యాసంలో ఆ బిళ్లలను గురించీ, వాటిని ఎలా ఏరుకోవాలి, ఎలా దాచుకోవాలి అన్న దాన్ని గురించీ నాకు తెలిసినంత వ్రాస్తాను.

ముందు లెక్క తెలియాలి. రూపాయికి పదహారు అణాలు. అణాకు నాలుగు పైసలు, అంటే నాలుగు కాణీలు. ఒక్కొక్క కాణీకి మూడు పైలు. ఆ ప్రకారం రూపాయికి 64 కాణీలు, 192 పైలు. పాత దస్తావేజుల్లో, జమాఖర్చు పుస్తకాల్లో "రూ. అ. పై." అని మూడు గడులు కనబడేది ఇందుకే. మన ఎక్కాల లెక్కలో కాణీ అంటే 1/64వ వంతు, కనుక ఆ పేరు నాణేనికి అతికినట్లు సరిపోయింది. రెండు అణాలు బేడ, నాలుగు అణాలు పావలా, ఎనిమిది అణాలు అర్ధరూపాయి, పన్నెండు అణాలు ముప్పావలా. ఈ పద్ధతికి 1957 ఏప్రిల్ 1న మంగళం పాడారు. ఆ రోజు నుంచి రూపాయికి వంద నయాపైసలు. అణాకు ఆరుంబావు రావాలి గాని, పావు పైసా ఎక్కడుంది? అందుకని అణాకు ఆరు, బేడకు పన్నెండు, మూడణాలకు పందొమ్మిది, పావలాకు పాతిక అని పట్టిక కట్టారు. అంటే పదహారుసార్లు అణా చొప్పున మార్చుకున్నవాడికి తొంభై ఆరే వచ్చాయి. మిగిలిన నాలుగు ఎవరి జేబులోకి పోయాయో వేరే చెప్పనక్కరలేదు.

ఇంత చిన్న బిళ్లలకు విలువేముంది అని అడిగేవారుంటారు. వెండి రూపాయి ఎవరు వాడారో, కాణీ ఎవరు వాడారో ఆలోచిస్తే సమాధానం దొరుకుతుంది. రూపాయి శిస్తు కట్టేటప్పుడు, పెళ్లిళ్లలో, షావుకారు పెట్టెలో కనబడేది. కూలివాడి చేతిలో రోజూ మెదిలింది కాణీ, అర్ధణాలే. 1888లో ఉప్పు పన్నును మణుగుకు రెండున్నర రూపాయలు చేశారు. నలభై సేర్ల మణుగు అది. రెండున్నర రూపాయలంటే నలభై అణాలు. అంటే సేరు ఉప్పుకు సరిగ్గా ఒక అణా. అది ఉప్పు ధర కాదు, పన్ను మాత్రమే! చరిత్ర పుస్తకంలో "ఉప్పు పన్ను భారమైనది" అని చదివినప్పుడు కలగని జ్ఞానం, నాలుగు కాణీలు అరచేతిలో పోసుకుని ఈ లెక్క వేసినప్పుడు కలుగుతుంది. అలాగే 1879లో మన దేశంలో పోస్టుకార్డు ప్రవేశపెట్టినప్పుడు దాని వెల ఒక కాణీ. దూరదేశంలో ఉన్న కొడుకు క్షేమం తెలుసుకోవడానికి తల్లికి పట్టే ఖర్చు ఆ రాగి బిళ్ల ఒక్కటే. 1921 మార్చి ఆఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమై కోటిమంది సభ్యులను చేర్చాలని తీర్మానించింది. ఆ సభ్యత్వ రుసుము పావలా. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే, 1919 నుంచి 1921 వరకు, ఎనిమిది మూలల నికెలు పావలా ముద్రింపబడింది. ఆ నాణెం మీ దగ్గర ఉంటే ఏదో ఒక ఊళ్లో అది కాంగ్రెసు రసీదు పుస్తకం మీద పడి ఉండవచ్చు. కాదనడానికీ ఆధారం లేదు, ఔననడానికీ లేదు. ఆ ఊహే సేకరించేవాడి సరదా.

కంపెనీ నాణేలతో మొదలుపెడదాం. 1794, 1797 సంవత్సరాల తేదీలతో ఉత్తర సర్కారుల కోసం రాగి నాణేలు ఇంగ్లండులో బర్మింగ్‌హాం దగ్గర సోహో టంకశాలలో తయారయ్యాయి. ఆవిరి యంత్రంతో పేరుపొందిన జేమ్స్ వాట్ భాగస్వామి మాథ్యూ బౌల్టన్ పెట్టిన టంకశాల అది. వాటి మీద "రూపాయికి 48", "రూపాయికి 96" అని ఇంగ్లీషులో ఉంటుంది. గంజాం మొదలు కృష్ణా దాకా ఉన్న మన జిల్లాల వారికి ఇవి సొంత నాణేలన్నమాట. అంతకుముందు సమ్మెటతో కొట్టిన మందపాటి దుడ్లు చూసిన జనానికి, గుండ్రంగా, సమానంగా ఉన్న ఈ బిళ్లలు ఎంత వింతగా తోచాయో!

తరువాత 1803లో మదరాసు రాజధాని కోసం 20, 10, 5, 1 కాసుల నాణేలు వచ్చాయి. ఒక కాసు చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఇరవై కాసుల దాని మీద ఒక వైపు కంపెనీ వారి చిహ్నం, రెండో వైపు పారసీ లిపిలో ఇరవై కాసులు నాలుగు ఫలూసులని వ్రాసి ఉంటుంది. 1808 తేదీ గల పది, ఇరవై కాసుల నాణేలను గురించి ఒక కథ ఉంది. అవి పీపాలకెత్తిన "అడ్మిరల్ గార్డ్‌నర్" అనే ఓడ మదరాసుకు బయలుదేరి 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకుండానే గుడ్విన్ ఇసుక దిబ్బల మీద మునిగిపోయింది. 1980ల మధ్యలో ఈతగాళ్లు దాన్ని కనిపెట్టి లెక్కలేనన్ని నాణేలు పైకి తీశారు. అందువల్ల మన సంతల్లో చెలామణీ కావలసిన కాసులు ఈ రోజు ఏ తెలుగువాడి చేతి మరకా అంటకుండా విదేశాల నాణేల దుకాణాల్లో అమ్ముడుపోతున్నాయి. మన ఊళ్లో దొరికే అరిగిపోయిన 1803 నాణెమే నాకు వాటికన్నా ముద్దు. అది కనీసం పనిచేసిన నాణెం.

1807 తరువాత మదరాసు టంకశాలలో కొట్టిన వరహాలు, రూకల మీద ఇంగ్లీషు, పారసీలతో పాటు తమిళ, తెలుగు లిపులు కూడా కనబడతాయి. చిల్లర కొట్టువానికి చదివి తెలియాలి గదా!

1835లో కంపెనీ దేశమంతటికీ ఒకే నాణెపు పద్ధతి పెట్టింది. రాగిలో అర్ధణా, కాణీ, పై అనే మూడు రకాలు. కాణీ తూకం నూరు గ్రెయిన్లు, అంటే మన లెక్కలో 6.48 గ్రాములు. 1835 కాణీ లెక్కకు మిక్కిలిగా ముద్రింపబడింది. "దీనికి రెండు వందల ఏళ్లు వస్తున్నాయి, లక్షలు పలుకుతుంది" అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. పాతదనం వేరు, అరుదు వేరు. ఈ చిన్న సంగతి తెలియకే అమాయకులు మోసపోతున్నారు. 1853లో అరకాణీ కూడా చేరింది. 1862 నుంచి నాణెం మీద కంపెనీ పేరు పోయి విక్టోరియా బొమ్మ వచ్చింది. మొదట రాణి, 1877 నుంచి చక్రవర్తిని. మదరాసు టంకశాల 1869లో మూతపడింది. ఆపైన మనకు చిల్లర కలకత్తా, బొంబాయిల నుంచి రావలసిందే.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. 1906లో రాగికి బదులు కంచు వాడడం మొదలుపెట్టి కాణీ తూకం 75 గ్రెయిన్లకు, అనగా 4.86 గ్రాములకు తగ్గించారు. ఆ ఒక్క సంవత్సరం తేదీతో రాగి కాణీ, కంచు కాణీ రెండూ ఉన్నాయి. కంటికి పెద్దగా తేడా తెలియదు. కంసాలి త్రాసులో వేస్తే ఇట్టే తెలిసిపోతుంది. సేకరణ మొదలుపెట్టేవాడు భూతద్దం కంటే ముందు మంచి త్రాసు సంపాదించుకోవాలని నా అభిప్రాయం. పై విషయంలోనూ అంతే: పాత రాగి పై 2.16 గ్రాములు, కంచు పై 1.62 గ్రాములు. బాగా అరిగిన నాణెం కొంత తక్కువ తూగడం సహజం గాని, ఎక్కువ తూగిందంటే మాత్రం అనుమానించవలసిందే.

ఇప్పుడు మన తెలుగువారు గర్వంగా చూసుకోదగిన నాణెం వద్దకు వస్తున్నాను. అది 1907లో వచ్చిన నికెలు అణా. అంచు తిన్నగా కాక పూల రేకుల్లాగా పన్నెండు వంపులు తిరిగి ఉంటుంది. ఎందుకంటే చీకట్లో వేలితో తడిమినా, చూపులేని వారు పట్టుకున్నా ఇది అణా అని తెలియాలి. వెండి నాణెమని భ్రమపడకుండానూ ఉండాలి. దాని బొరుసు వైపు ఇంగ్లీషుతో పాటు ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు లిపుల్లో విలువ వ్రాసి ఉంటుంది. అవును, సామ్రాజ్యమంతటా చెల్లిన నాణెం మీద తెలుగు అక్షరాలు! పెషావరులో టీ తాగినవాడు, రంగూన్‌లో పడవ ఎక్కినవాడు తనకు తెలియకుండానే మన లిపిని జేబులో వేసుకు తిరిగాడు. ఆనాటికి మన వారికి ప్రత్యేక రాష్ట్రం మాట అటుంచి, ఆంధ్ర మహాసభ కూడా పుట్టలేదు. అది మొదటిసారి బాపట్లలో జరిగింది 1913లో. 1918లో నలుపలకల నికెలు బేడ, 1919లో ఎనిమిది మూలల పావలా, గుండ్రటి అర్ధరూపాయి వచ్చినప్పుడు వాటి మీద కూడా తెలుగు నిలిచింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువు రావడం వీటి పుట్టుకకు కారణం. అంతకుముందున్న వెండి బేడ ఎంత చిన్నదంటే, చీర కొంగున ముడివేసుకున్నా జారిపోయేది. 1917 తరువాత దాన్ని ముద్రించలేదు. నికెలు అర్ధరూపాయికి మాత్రం దొంగ నాణేల వాళ్లు తగులుకున్నారు. అది రెండేళ్లకే ఆగిపోయింది. స్వతంత్రం వచ్చాక 1950లో కొత్త అణాలు వచ్చినప్పుడు ఎద్దు బొమ్మతో పాటు ఇంగ్లీషు, హిందీ మాత్రమే మిగిలాయి. నాణెం మీద నుంచి తెలుగు అలా దిగిపోయింది. నోటు మీద భాషల వరుసలో ఇంకా ఉన్నది, సంతోషం.

1911 కాణీ దొరికితే విడిగా పెట్టండి. అయిదవ జార్జి వేసుకున్న హారంలో ఏనుగు బొమ్మ ఉంది. తొండం పొట్టిదై, అది పందిలాగా కనబడిందని ముఖ్యంగా వెండి రూపాయి విషయంలో జనం నొచ్చుకున్నారు. 1912 నుంచి బొమ్మ సరిదిద్దారు. 1911, 1912 కాణీలు పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూస్తే మంచి కాలక్షేపం.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి కథ మారింది. లోహాలన్నీ తుపాకులకు, గుళ్లకు పోతున్నాయి. మరోవైపు జనం భయంతో చిల్లర దాచుకున్నారు. 1942, 43 ప్రాంతాల్లో చిల్లర కరువు తీవ్రంగా ఉండేది. పై, అరకాణీ 1942తో శాశ్వతంగా ఆగిపోయాయి. అణా, బేడలు పసుపుపచ్చని ఇత్తడి రంగులో వచ్చాయి. 1943లో కాణీకి నడుమ పెద్ద చిల్లు పెట్టేశారు! 4.86 గ్రాముల కాణీ సుమారు రెండు గ్రాములకు దిగింది. మన ఇళ్లల్లో ఎక్కువగా దొరికేది ఈ చిల్లు కాణీయే. పిల్లల మొలతాడుకు కట్టినవారున్నారు, దారానికి గుచ్చి లెక్క పెట్టుకున్నవారున్నారు. మరలు బిగించే చోట వాషరు కింద వాడిన మెకానిక్కులూ ఉన్నారు. వాషరు కొనే ఖర్చు కంటే కాణీ చవక మరి. 1947 వరకు ఇది ముద్రింపబడింది. మన టంకశాలలకు ఊపిరాడక కొన్నింటిని దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో కూడా కొట్టించి తెచ్చారు. లాహోరులో 1943లో కొత్త టంకశాల తెరిచారు. అక్కడి వెండి పావలా, అర్ధరూపాయల మీద ఇంగ్లీషు "ఎల్" అక్షరం గుర్తుగా ఉంటుంది. ఈ అక్షరం గల నాణెం మన నానమ్మల పెట్టెలోకి ఎన్ని చేతులు మారి వచ్చిందో! నాలుగేళ్లకే ఆ ఊరు మరో దేశంలోకి పోయింది.

తెలంగాణా మిత్రులకు ఒక మాట. నిజాము రాజ్యంలో చెల్లింది హాలీ సిక్కా. 1903 నుంచి దాని మీద చార్మినారు బొమ్మ. చార్మినారు కమాను నడుమ "మీం" అక్షరం ఉంటే మహబూబ్ అలీ ఖాన్ నాటిది, "ఐన్" ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ నాటిది. తేదీ హిజ్రీలో ఉంటుంది. బ్రిటిషు రూపాయిని అక్కడ "కల్దార్" అనేవారు, మరమీద కొట్టినది గనుక. నూరు కల్దార్లకు నూటపదహారు హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైలు. సరిహద్దు గ్రామాల కోమటి పద్దులు వ్రాయాలంటే ఎంత తెలివి కావాలో ఊహించుకోండి. సైఫాబాదులోని పాత టంకశాలలో 2022లో నాణేల ప్రదర్శనశాల తెరిచారు. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తుశాల నాణేలకు పేరెన్నికగన్నది. సేకరించదలచినవారు కొనడానికి ముందు ఇవి రెండూ చూసి రావడం మంచిది.

ఇక ఎలా మొదలుపెట్టాలి? బజారుకు పోకండి. మొదట ఇంట్లో వెతకండి. దేవుని గూట్లో పసుపు గుడ్డలో కట్టిన ముడుపులు, గాజుల పెట్టె అడుగు, బియ్యం డబ్బా, తాతగారి చుట్టల పెట్టె. ముడుపు విప్పేముందు పెద్దవాళ్లను అడగండి. నాణెం కోసం మొక్కు చెరిపారన్న మాట ఎందుకు? తరువాత పాత సామాన్ల కొట్టువానితో స్నేహం చేయండి. రాగి ధర మీద పది రూపాయలు ఎక్కువిస్తానంటే అతడు మీకోసం ఏరి పెడతాడు. విద్యార్థి జేబుకు రూపాయలు, వరహాలు అందవు. కాణీలు అందుతాయి. ఒక్క అయిదవ జార్జి కాణీలనే 1911 మొదలు 1936 దాకా సంవత్సరం వారీగా పేర్చాలనుకోండి. అదొక్కటే రెండు మూడేళ్ల పని. నాలుగు రకాలు నాలుగు వైపుల నుంచి పోగుచేసి గుట్ట వేయడం కన్నా ఇలా ఒక దారి పట్టడమే మేలు.

దొరికిన నాణేన్ని చింతపండుతో తోమకండి! మన ఇళ్లలో మొదట జరిగే ఘోరం ఇదే. రాగి మీద వందేళ్లుగా పేరుకున్న గోధుమ రంగు పొర దానికి చర్మం లాంటిది. పులుపు పడగానే ఆ పొర పోయి, నాణెం కొత్త చెంబులాగా తళతళలాడుతుంది, తెలిసినవాడి దృష్టిలో సగం విలువ పోగొట్టుకుంటుంది. మట్టి ఉంటే శుభ్రమైన నీటిలో నానబెట్టి, మెత్తని గుడ్డమీద అద్ది ఆరబెట్టండి. రుద్దకండి. అంచులు పట్టుకోవాలి గాని బొమ్మ మీద వేలు పెట్టకూడదు, చెమటలోని ఉప్పు మచ్చ వేస్తుంది. మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లో ఏళ్ల తరబడి ఉంచితే జిగటగా పచ్చని చిలుము పడుతుంది. చిన్న కాగితపు కవర్లు చాలు. కవరు మీద నాణెం పేరు, సంవత్సరం, తూకం వ్రాయండి. అంతకన్నా ముఖ్యంగా ఎక్కడ, ఎవరివద్ద, ఏ తేదీన దొరికిందో, ఇచ్చినవారు దాన్ని గురించి ఏమి చెప్పారో వ్రాయండి. అణాతో బజారు చేసినవారు ఇప్పుడు ఎనభై దాటినవారే. నాణెం మరో వందేళ్లయినా ఉంటుంది, దానికి ఏం వచ్చేదో చెప్పగల నోరు ఉండదు.

ఇక దొంగ నాణేలు. రాములవారు, సీతాదేవి, ఆంజనేయులు ఒక వైపు, ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 లేదా 1616 అంకె రెండో వైపు ఉన్న "ఒక అణా" రాగి బిళ్లలు జాతరల్లో, ఇప్పుడు ఫోన్లలో కూడా అమ్మకానికి వస్తున్నాయి. కంపెనీ వారు అలాంటి నాణెం ఏనాడూ కొట్టలేదు. పైన చెప్పినట్లు చెలామణీలోకి అణా నాణెం వచ్చిందే 1907లో, అదీ నికెలులో. ఇవి రామటెంకి వంటి పూజా బిళ్లలను చూసి చేసినవి. భక్తితో గూట్లో పెట్టుకుంటే అభ్యంతరం లేదు గాని, ప్రాచీన నాణెమని వేలు పోయవద్దు. ఇంతకంటే ప్రమాదకరమైనది "బియ్యం లాగే నాణెం". కంపెనీ కాలపు రాగి బిళ్లకు మహిమ ఉందనీ, బియ్యపు గింజలు దానంతటవే దగ్గరకు వస్తాయనీ, విదేశాల వారు కోట్లు ఇస్తారనీ నమ్మించి పొలాలు అమ్మించినవాళ్లున్నారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇలాంటి ముఠాల మీద పోలీసు కేసులు నడిచాయి. గింజల లోపల ఇనప రజను కూరి, బిళ్ల కింద అయస్కాంతం పెట్టి చూపడం వీళ్ల విద్య. రాగికి ఆకర్షణ శక్తి లేదని మన ఫిజిక్సు మొదటి సంవత్సరం విద్యార్థి చెబుతాడు. పాత నాణెం కొంటామని ముందుగా కమీషను, పన్ను కట్టించుకునే ప్రకటనలు మరొక రకం. తమ పేరు వాడుకుని ఇలా చేస్తున్నారని, తమకు ఏ సంబంధమూ లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన కూడా ఇచ్చింది. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు ఈ సంగతి నలుగురికీ చెప్పండి. చదువుకున్నవాడి మాట వింటారు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పొలం దున్నుతుండగా, పునాది తవ్వుతుండగా పది రూపాయల విలువ మించిన పాత నిధి దొరికితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియపరచాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించకూడదు. అంటే విక్టోరియా కాణీ ఒక్కటే కాదు, కాంగ్రెసు రసీదు మీద పడిందని మనం ఊహించుకున్న 1919 నాటి ఎనిమిది మూలల పావలాకు కూడా వయసు నిండింది. అమెరికాలో ఉన్న అన్నయ్య అడిగాడని కవర్లో పెట్టి పంపకండి. ఫోటో తీసి పంపండి, నాణెం మీ పెట్టెలోనే ఉండనివ్వండి.